తలకు దెబ్బ తగిలాక మావారు మనిషే మారిపోయారు, ఏం చేయాలి?

ప్రశ్న: మావారికి 41 ఏళ్లు, ప్రభుత్వ పాఠశాలలో టీచరు. అయిదు నెలల కిందట స్కూలు నుంచి బండి మీద వస్తుంటే కారు గుద్దింది. తలలో ముందు భాగాన రక్తం గడ్డకట్టిందని ఆపరేషన్ చేశారు. ఇప్పుడు నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు. చూడవచ్చినవాళ్లంతా బాగయ్యారనే అంటారు. కానీ ఇంట్లో చిన్నదానికే అరుస్తారు, బూతులు తిడతారు, కంచం విసిరేస్తారు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తుండదు. బండి తాళం ఇమ్మని రోజూ గొడవ. పదేళ్ల పాప భయపడి దగ్గరికి పోవట్లేదు. నేను సరిగా చూసుకోకే ఇలా అయ్యాడని అత్తగారు అంటారు. ఉద్యోగానికి రాజీనామా చేయించమని బంధువులు. ఆయన మళ్లీ మామూలు మనిషి అవుతారా?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

సమాధానం: మీరు చివర్లో అడిగినదానికే ముందు జవాబు. మెదడు గాయం నుంచి కోలుకోవడం తొలి 6 నెలల్లో వేగంగా సాగుతుంది. తర్వాత నెమ్మదిస్తుందే కానీ ఆగిపోదు. రెండేళ్ల దాకా, కొందరిలో ఆ తర్వాత కూడా మెరుగు కనిపిస్తుంది. చాలామందిలో నడక, మాట ముందు తిరిగొస్తాయి. ఓర్పు, ఏకాగ్రత, జ్ఞాపకం ఆలస్యంగా వస్తాయి. పూర్తిగా పాత మనిషి అవుతారని ఎవరైనా మాటిచ్చినా, ఇక ఇంతేనని ఎవరైనా తేల్చేసినా నమ్మకండి.

నుదుటి వెనకున్న మెదడు భాగం మనకు కోపం వచ్చినా మాట నోరు దాటకుండా పట్టి ఉంచుతుంది. అక్కడ గాయమైతే ఆ పట్టు సడలుతుంది. బయటివాళ్ల ముందు అరగంట నిబ్బరంగా ఉండి, వాళ్లు గడప దాటగానే మీ మీద విరుచుకుపడటం కూడా అందుకే. ఆ అరగంట నిలదొక్కుకోవడానికే ఉన్న శక్తంతా అయిపోతుంది. మీ సేవలో లోపమేమీ లేదు. అత్తగారికి ఈ సంగతి మీరు చెబితే వాదనవుతుంది. ఈసారి చూపించడానికి వెళ్లేటప్పుడు ఆవిణ్నీ తీసుకెళ్లి, స్కాన్ చూపిస్తూ డాక్టరుగారితోనే చెప్పించండి.

ముందుగా మందుల చీటీ తీసి చూడండి. ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసెటామ్ (లెవిపిల్ లాంటి పేర్లతో దొరుకుతుంది) కొందరిలో చిరాకును, కోపాన్ని బాగా పెంచుతుంది. ఆ మాత్ర మొదలుపెట్టాకో, డోసు పెంచాకో కోపం ఎక్కువైందా? న్యూరో డాక్టరుకు చెబితే అవసరమైతే వేరే మందుకు మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి, ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. తలనొప్పి, మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నిద్రలేమి ఉన్నా ఆయన చెప్పుకోలేక అరుపుల్లో చూపిస్తుండవచ్చు. అవీ పరీక్ష చేయించండి.

తర్వాత ఒక నోటుపుస్తకం పెట్టి రెండు వారాలపాటు కోపం వచ్చిన ప్రతిసారీ మూడు సంగతులు రాయండి: టైమెంత, దానికి ముందు పావుగంటలో ఇంట్లో ఏం జరిగింది, ఎలా చల్లబడ్డారు. సాధారణంగా తేలేవి ఇవే: టీవీ, మిక్సీ, మాటలు ఒకేసారి వినబడటం, ఆకలి, సాయంత్రపు అలసట, పలకరింపుల తాకిడి. పలకరించడానికి వచ్చేవాళ్లలో ప్రతివారూ ‘నన్ను గుర్తుపట్టావా?’ అని అడుగుతారు. దయచేసి ఆ మాట మాన్పించండి, అది ఆయనకు రోజూ పదిమంది ముందు పరీక్ష రాయడమే. ఒకసారికి ఇద్దరే, పదిహేను నిమిషాలే. మధ్యాహ్నం అరగంట, ముప్పావుగంట పడుకోనివ్వండి. అంతకు మించితే రాత్రి నిద్ర చెడుతుంది. ఏ పనైనా ఇరవై నిమిషాలు చేయించి విశ్రాంతి ఇవ్వండి. ఆయన మీద పడే మోత తగ్గించడంలోనే మీ శ్రమ ఫలిస్తుంది. ‘ఎందుకలా చేస్తున్నారు’ అని నిలదీసి, బతిమాలి ఆయన్ని మార్చలేరు.

అరుపు మొదలైతే జవాబివ్వకండి, తర్కం చెప్పకండి, చెయ్యి పట్టుకోకండి. గొంతు తగ్గించి ‘సరే, పది నిమిషాల్లో వస్తా’ అని గదిలోంచి బయటికి వచ్చేయండి. తిరిగి వెళ్లాక ఆ విషయమే ఎత్తకుండా మంచినీళ్లో, టీయో ఇచ్చి వేరే మాట కలపండి. సగం సందర్భాల్లో ఏం జరిగిందో ఆయనకు గుర్తే ఉండదు, మీకేమో రోజంతా కెలుకుతుంది. ఇందులో మిమ్మల్ని ఎక్కువ కుంగదీసేది ఇదేనని నాకు తెలుసు.

మరుపు విషయంలో ఆయన ఉద్యోగమే సాయపడుతుంది. టైంటేబులు, బోర్డు ఆయనకు చేతిలో పని. గోడకు తెల్లబోర్డు పెట్టి పొద్దున్నే తేదీ, వారం, ఆ రోజు చేయాల్సిన నాలుగైదు పనులు ఆయన చేతే రాయించండి, అయినవి కొట్టేయించండి. మాత్రలకు ఏడు రోజుల గళ్లున్న డబ్బా, ఫోనులో అలారం. ఒకసారికి ఒక్క మాటే చెప్పండి. ‘గుర్తులేదా?’ అనకుండా ‘బోర్డు చూద్దాం’ అనండి.

బండి గురించి వాదించి గెలవలేరు. తనలోని లోటు తనకు తెలియకపోవడం కూడా ఈ గాయంలో భాగమే, అది మొండితనం కాదు. డాక్టరుతో చీటీ మీద ‘బండి నడపకూడదు’ అని రాయించి, బండిని బంధువుల ఇంటికి పంపేయండి. కంటికి కనిపిస్తే రోజూ గొడవే. ఫోనులో యూపీఐ పరిమితి కూడా తగ్గించండి, ముందూవెనకా చూడకుండా ఖర్చుపెట్టడం, అడిగినవాళ్లకు పంపేయడం ఈ దశలో జరుగుతుంటాయి. మద్యం చుక్క కూడా తాగకూడదు, ఫిట్స్‌కు అదొక కారణమవుతుంది.

రాజీనామా కాగితం మీద సంతకం పెట్టించకండి. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) 20వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే అదనపు పోస్టులో ఉంచాలి. అప్పటిదాకా మెడికల్ సర్టిఫికెట్లతో సెలవు పెడుతూ రండి, చెప్పకుండా గైర్హాజరు కానివ్వకండి.

ఇంకో పని ఈ వారమే కావాలి. ప్రమాద నష్టపరిహారానికి ప్రమాదం జరిగిన 6 నెలల్లోగా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలని చట్టం. మీకు అయిదు నెలలు గడిచాయి. ఎఫ్ఐఆర్, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, జీతం స్లిప్పులు పట్టుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోను 15100.

పాపను కూర్చోబెట్టి, నాన్న తలలో దెబ్బ ఇంకా మానలేదని, ఆ అరుపులు తనవల్ల కాదని చెప్పండి. నాన్న ప్రశాంతంగా ఉండే పొద్దుటిపూట పది నిమిషాలు ఇద్దరూ కలిసి క్యారమ్స్ ఆడితే చాలు. ‘నాన్న దగ్గరికి వెళ్లు’ అని నెట్టకండి. ఆయన చెయ్యి ఎత్తితే మాత్రం పాపతో సహా బయటికి వచ్చి పక్కింటివాళ్లను పిలవండి. గాయం కారణమైనా మీరు దెబ్బలు తినాల్సిన పనిలేదు, అదే రోజు డాక్టరుకు చెప్పండి.

వారంలో రెండు పూటలు అత్తగారో మరిదిగారో ఆయన దగ్గరుంటే మీరు బయటికి వెళ్లండి. అడిగి మరీ తీసుకోండి. బతికున్న మనిషి కోసమే దుఃఖం వస్తోందని సిగ్గుపడకండి, ఇలా చూసుకునే భార్యలు చాలామంది అదే చెబుతారు. నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

తలనొప్పి రోజురోజుకూ పెరగడం, వాంతులు, ఎప్పుడూ మగతగా ఉండటం, నడక తడబడుతూ మూత్రం ఆపుకోలేకపోవడం, కుట్ల దగ్గర చీము, ముక్కులోంచి నీరులా కారడం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. అయిదు నిమిషాలకు తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.