కలర్ డాప్లర్‌లో ఊపిరి వల్ల వచ్చే ఫ్లాష్‌ని మెషీన్ లెర్నింగ్‌తో తీసేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: లివర్ కలర్ డాప్లర్ (రక్తం పారే తీరుని రంగుల్లో చూపే అల్ట్రాసౌండ్) తీస్తుంటే పేషెంట్ ఊపిరి పీల్చినప్పుడల్లా బొమ్మంతా ఎరుపు, నీలం మరకలు కమ్ముకుంటున్నాయి. ఈ మరకల్నే ఫ్లాష్ అంటాం. ఆస్పత్రిలో సేవ్ చేసిన వీడియోలతో యూ-నెట్ (బొమ్మల మీద పనిచేసే ఒక రకం న్యూరల్ నెట్‌వర్క్) ట్రైన్ చేసి వాటిని తీసేయాలనుకుంటున్నారు. ట్రైనింగ్‌కి శుభ్రమైన బొమ్మలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. నేను కొన్నేళ్లుగా డాప్లర్ సిగ్నల్ ప్రాసెసింగ్ మీదే పనిచేస్తున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సేవ్ చేసిన వీడియోలతో మాత్రం మొదలుపెట్టకండి. వీడియోగా మారేసరికి సిగ్నల్‌లోని ఫేజ్ (తరంగం ఏ దశలో ఉందో చెప్పే సమాచారం) పోతుంది, లాగ్ కంప్రెషన్ (బలమైన, బలహీనమైన సిగ్నల్స్ మధ్య తేడాని కుదించడం) అయిపోతుంది, రంగులు కూడా అద్దేసి ఉంటాయి. ఏది రక్తం, ఏది కదిలిన కండ (లివర్, దాని చుట్టూ ఉన్న కణజాలం) అని తేల్చే ఆధారం ఆ ఫేజ్‌లోనే ఉంది. అది లేకుండా నెట్‌వర్క్ చేయగలిగింది ఊహించడమే. మీకు కావలసింది మెషీన్ లోపలి ఐక్యూ డేటా, అంటే ఫేజ్ ఇంకా చెరగని ముడి సిగ్నల్. మామూలు స్కానర్లు దాన్ని బయటికి ఇవ్వవు, వెరాసోనిక్స్ లాంటి రీసెర్చ్ సిస్టమ్‌లు ఇస్తాయి. మీ దగ్గర్లో ఏ ఐఐటీ ల్యాబ్‌లోనైనా అలాంటిది ఉందేమో మీ గైడ్ ద్వారా కనుక్కోండి.

అసలు ఫ్లాష్ ఎందుకొస్తుందో ఒక లెక్క చూద్దాం. మామూలు ఊపిరికే లివర్ ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికీ పైకీ జరుగుతుంది. వేగం సెకనుకు 1 సెంటీమీటరు, కదలిక బీమ్ దిశలోనే ఉందనుకోండి. 3 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌కి డాప్లర్ షిఫ్ట్ (కదలిక వల్ల ప్రతిధ్వని ఫ్రీక్వెన్సీలో వచ్చే తేడా) సుమారు 39 హెర్ట్జ్ వస్తుంది. పోర్టల్ వెయిన్‌లో రక్తం ఇంతకంటే చాలా వేగంగా పోతుంది, దానితో పేచీ లేదు. చిన్న రక్తనాళాల్లో వేగం మాత్రం ఈ లివర్ కదలిక దగ్గరికే వచ్చేస్తుంది. పైగా కండ నుంచి వచ్చే ప్రతిధ్వని రక్తం నుంచి వచ్చేదానికంటే 40 డెసిబెల్స్‌కి పైగానే బలంగా ఉంటుంది. మామూలు కలర్ మోడ్‌లో ఒక్కో లైనుకు వాల్ ఫిల్టర్‌కి (నెమ్మదైన కదలికల సిగ్నల్‌ని తీసేసే ఫిల్టర్) దొరికేది 8 నుంచి 16 శాంపిల్స్. అన్ని తక్కువ శాంపిల్స్‌తో పదునైన కటాఫ్ (ఎంత వేగం కంటే తక్కువైతే తీసేయాలో చెప్పే హద్దు) ఎలా పెడతారు? కటాఫ్ పెంచితే ఫ్లాష్‌తోపాటు సన్న నాళమూ పోతుంది.

ఐక్యూ డేటా చేతికొస్తే నెట్‌వర్క్ జోలికి వెళ్లకముందు ఎస్‌వీడీ (సింగ్యులర్ వాల్యూ డీకంపోజిషన్, మ్యాట్రిక్స్‌ని బలం వారీగా ముక్కలుగా విడదీసే గణిత పద్ధతి) చేసి చూడండి. ఒక్కో ఫ్రేమ్‌ని ఒక నిలువు వరుసగా పేర్చి మ్యాట్రిక్స్ కట్టాలి. కండ అంతా కలిసికట్టుగా కదులుతుంది కాబట్టి మొదటి కొన్ని సింగ్యులర్ విలువల్లోనే సర్దుకుంటుంది, రక్తం మధ్యలో ఉంటుంది, నాయిజ్ చివర్లో. సెకనుకు వేల ఫ్రేములు తీసే ప్లేన్ వేవ్ (బొమ్మంతటినీ ఒకేసారి వెడల్పైన తరంగంతో తీసే పద్ధతి) డేటా మీద డెమెనే బృందం 2015లో దీన్ని చాలా బాగా చూపించింది. ఊపిరి లోతుగా ఉన్నా, చేయి వణికినా కండ శక్తి మరిన్ని విలువల్లోకి పాకి రక్తంతో కలిసిపోతుంది, అప్పుడు గీత ఎక్కడ గీయాలో తెలియదు. మెషీన్ లెర్నింగ్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. సోలమన్, ఎల్దార్ తదితరులు 2020లో రోబస్ట్ పీసీఏ (కండనీ రక్తాన్నీ విడదీసే, ఎస్‌వీడీకి దగ్గరి పద్ధతి) ఇటరేషన్లనే నెట్‌వర్క్ లేయర్లుగా మార్చి ట్రైన్ చేశారు. వాళ్లు వాడింది కాంట్రాస్ట్ ఇచ్చి తీసిన స్కాన్లే అయినా ఆలోచన మీకూ పనికొస్తుంది. తక్కువ డేటాతో పని చేయాల్సి వస్తే నేను యూ-నెట్‌కంటే ఈ దారినే ఎంచుకుంటాను.

ఇక శుభ్రమైన బొమ్మల సంగతి. ఒకే క్షణంలో ఊపిరి ఉన్న బొమ్మా, లేని బొమ్మా తీయలేం కదా. మేం చేసేది ఇదీ: ఊపిరి ఆడుతున్న లివర్ ఐక్యూ డేటా తీసుకుని, అందులో రక్తం దాదాపు లేని చోట ఫ్లో ఫాంటమ్ (రక్తం లాంటి ద్రవం పారే నమూనా) నుంచో ఫీల్డ్ 2 అనే అల్ట్రాసౌండ్ సిమ్యులేషన్ ప్రోగ్రామ్ నుంచో తెచ్చిన రక్తపు సిగ్నల్‌ని కలుపుతాం. ఈ దశలో సిగ్నల్స్ మామూలుగా కూడుకుంటాయి, కాబట్టి జవాబు మన చేతిలోనే ఉంటుంది. లాగ్ చేసిన బొమ్మల్లో ఈ కూడిక కుదరదు. వీడియోలు వద్దనడానికి అది ఇంకో కారణం. ట్రైనింగ్, టెస్ట్ విడదీసేటప్పుడు పేషెంట్ల వారీగా విడదీయండి. ఫ్రేముల వారీగా విడదీస్తే ఒకే మనిషి లివర్ రెండు వైపులా చేరి ఫలితాలు లేనిపోని గొప్పగా కనిపిస్తాయి.

వీలైతే కొన్ని రోజులు స్కాన్ గదిలో కూర్చోండి. ఆయాసంతో ఉన్న ఒక పెద్దాయనకి స్కాన్ చేస్తుంటే చూశాను. "గాలి పీల్చి ఆపండి" అంటే ఆయన వల్ల కాలేదు. రేడియాలజిస్ట్ మేడమ్ ఇంకోసారి అడగకుండా, ఆయన ఊపిరి వదిలేసి మళ్లీ పీల్చేలోపు దొరికే చిన్న విరామం కోసం చూసి, సరిగ్గా అప్పుడు ఫ్రీజ్ నొక్కారు. ఇలాంటి ఊపిరి ఆపలేని పేషెంట్లకే మీ ఫిల్టర్ కావాలి, కాబట్టి టెస్ట్ సెట్‌లో వాళ్లు తప్పకుండా ఉండాలి. తర్వాత ఆవిడకే ఫిల్టర్ చేసిన బొమ్మలు చూపిస్తే, ఎస్ఎస్ఐఎమ్ (రెండు బొమ్మలు ఎంత పోలి ఉన్నాయో చెప్పే స్కోరు) చక్కగా వచ్చినదాంట్లో కూడా ఒక సన్నని కొమ్మ మాయమైందని వేలు పెట్టి చూపించారు. ఫిల్టర్ చేసిన బొమ్మ పక్కనే అసలు బొమ్మ కూడా కనపడాలని అడిగారు. నా దృష్టిలో అది అడగాల్సిన విషయమే, మీ డిజైన్‌లో మొదటి నుంచే పెట్టుకోండి. ఇంకోటి, కదలికే జవాబైన స్కాన్లు కూడా ఉన్నాయి: ఊపిరితిత్తి పొర జారుతోందా, గర్భంలో బిడ్డ గుండె కొట్టుకుంటోందా అని చూసేవి. మీ మోడల్‌ని వాటి మీద వాడకూడదని రిపోర్ట్‌లో స్పష్టంగా రాయండి.

ఒక్క జాగ్రత్త. మన దేశంలో అల్ట్రాసౌండ్ మెషీన్ 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం (గర్భంలో లింగ నిర్ధారణను నిషేధించేది) కిందికి వస్తుంది. రిజిస్ట్రేషన్ లేనిచోట దాన్ని పెట్టడం, ఇష్టమొచ్చినట్టు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్లడం కుదరదు. కాలేజీకి మెషీన్ తెప్పించుకునే ఆలోచన ఉంటే జిల్లా అధికారుల అనుమతి, ఎథిక్స్ కమిటీ ఆమోదం సెమిస్టర్ మొదట్లోనే మొదలుపెట్టండి.