ఆదివాసుల హక్కులు, అభివృద్ధి ప్రాజెక్టులు: రెండూ కుదురుతాయా?

"దేశానికి ప్రాజెక్టులూ కావాలి, ఆదివాసుల హక్కులూ నిలవాలి, రెండూ కుదిరే దారి ఉందా?" అని అడిగారు. ఉంది. కాకపోతే ఊరివాళ్లను ఎప్పుడు అడిగారన్న దాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

నేను కొంతకాలం ఒక ప్రాజెక్టు ముంపు గ్రామాల్లో కుటుంబాల సర్వే చేశాను. మా ఫారంలో ఇల్లు, పట్టా భూమి, చెట్లు, పశువులకు గడులున్నాయి. ఇప్పపువ్వు, తునికాకు, తేనె తెచ్చుకునే అడవికి మాత్రం గడి లేదు, అది ఎవరి పేరునా లేదు కాబట్టి. "మా తిండిలో సగం కొండ నుంచే వస్తది సారూ, దాన్నెక్కడ రాస్తారు?" అన్నాడొక పెద్దాయన. రిమార్కుల్లో రాశాను. రిమార్కులకు పరిహారం రాదు. నిజానికి 2013 భూసేకరణ చట్టం ప్రకారం మూడేళ్లుగా అటవీ ఉత్పత్తుల మీదే ప్రధానంగా బతుకుతున్నవాళ్లూ బాధిత కుటుంబాలే. చట్టంలో ఉన్న మాట ఫారం దాకా రాలేదు.

గ్రామసభ పెట్టేనాటికి డిజైన్, టెండర్లు అయిపోయాయి. ఇక ఊరు మాట్లాడగలిగింది పరిహారం రేటు గురించే.

పెద్ద ప్రాజెక్టుల్లోనూ ఇదే కథ. ఒడిశా నియమగిరి కొండల్లో, ఊళ్లనే అడగమని సుప్రీంకోర్టు చెప్పాక, 2013లో 12 గ్రామసభలు జరిగితే పన్నెండూ బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) గని వద్దన్నాయి. ఆదివాసులు అభివృద్ధిని ఆపేశారని అప్పట్లో కొందరు గోల పెట్టారు. గని చేతికి రాకముందే కొండ కింద లాంజిగఢ్‌లో ఆ బాక్సైట్‌ను శుద్ధి చేసే రిఫైనరీ ఎందుకు కట్టారని మాత్రం అడగలేదు! నార్వేలోనూ అంతే. ఫోసెన్ ప్రాంతంలో కరెంటు తీసే గాలిమరల లైసెన్సులు అక్కడి ఆదివాసులైన సామీ రెయిన్‌డీర్ కాపరుల హక్కులకు విరుద్ధమని 2021లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పేసరికి మరలు తిరుగుతూనే ఉన్నాయి.

కాస్త కుదిరిన చోటు అలాస్కాలోని రెడ్ డాగ్ జింక్ గని. భూమి అక్కడి ఆదివాసులైన ఇనుపియాట్ ప్రజలే వాటాదారులైన నానా కార్పొరేషన్‌ది. 1982 ఒప్పందం ప్రకారం, పెట్టుబడి తిరిగొచ్చాక లాభంలో వాళ్లకు 25 శాతం, తర్వాత ఐదేళ్లకోసారి 5 శాతం చొప్పున పెరిగి 50 దాకా. భూమి చేతిలో ఉంది కాబట్టే అంత గట్టిగా బేరమాడగలిగారు. అలాగని అక్కడ గొడవలు లేవనుకోకండి. దిగువనున్న కివలీనా ఊరివాళ్లు నీటి కాలుష్యం మీద ఆ గనిపై కోర్టుకెక్కారు.