అల్బెండజోల్ వేసినా నులిపురుగులు మళ్లీ వస్తుంటే మందు మార్చాలా?

ఐదేళ్ల పాపకు అల్బెండజోల్ ఒక మాత్ర వేశామని, నెలన్నరకే రాత్రిళ్లు మలద్వారం దగ్గర దురద, తెల్లటి దారప్పోగుల్లాంటి పురుగులు మళ్లీ మొదలయ్యాయని రాశారు. మెబెండజోల్‌కో, పైరాంటెల్‌కో మారాలా అని అడిగారు. అక్కర్లేదు. ఈ సన్న పురుగుల మీద మూడూ బాగానే పనిచేస్తాయి. మీరు వేయకుండా వదిలేసింది రెండో డోసు.

ఈ మందులు పేగులోని పురుగును చంపుతాయి గానీ గుడ్లను నమ్మకంగా చంపలేవు. ఆడపురుగు రాత్రిపూట బయటికొచ్చి గుడ్లు పెడుతుంది. పాప గోక్కుంటే అవి గోళ్లలో చేరి నోట్లోకి పోతాయి. దుప్పట్ల మీద రెండు మూడు వారాలు బతికే ఉంటాయి. అందుకే మొదటి డోసు వేసిన 2 వారాలకు మళ్లీ వేయాలి. ఇంట్లో అందరూ అదే రోజుల్లో వేసుకోవాలి, ఒక్కరు మానేసినా మొదటికొస్తుంది. గర్భిణి గానీ ఏడాదిలోపు బిడ్డ గానీ ఉంటే డాక్టరును అడిగాకే. మందు వేసిన మర్నాడు పొద్దున్నే స్నానం చేయించి, గోళ్లు కత్తిరించి, దుప్పట్లు దులపకుండా తీసి వేడినీళ్లలో ఉతకండి.

అల్బెండజోల్ రెండేళ్లు దాటితే 400 మి.గ్రా., 1–2 ఏళ్ల వారికి 200. సిరప్ 5 మి.లీ.కి 200 మి.గ్రా. రకమైతే రెండేళ్లు దాటిన వారికి 10 మి.లీ. సీసా అంతా ఒకే డోసు, 1–2 ఏళ్ల వారికి అందులో సగం. చెంచాడు పోసి మిగతాది దాచేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. మూడేళ్లలోపు వారికి మాత్రను పొడిచేసి నీళ్లలో కలిపి పట్టండి. ఏడుస్తున్న బిడ్డ నోట్లో బలవంతంగా వేస్తే గొంతుకు అడ్డం పడుతుంది, ప్రాణం మీదికొస్తుంది. మెబెండజోల్ అయితే ఒక్కసారికి 100 మి.గ్రా., పైరాంటెల్ కిలో బరువుకు 11 మి.గ్రా. వీటికీ 2 వారాలకు రెండో డోసు తప్పదు.

మందు ఎంపిక నిజంగా ముఖ్యమయ్యేది వేరే పురుగులకు. కొంకిపురుగుకు (హుక్‌వర్మ్) ఒక్క డోసుతో పోవాలంటే మెబెండజోల్ కన్నా అల్బెండజోల్ మేలు. కొరడా పురుగుకు (విప్‌వర్మ్) ఒక్క డోసు ఏదీ చాలదు, అల్బెండజోల్ 3 రోజులు వాడాలి; పైరాంటెల్ దాన్ని తాకనే తాకదు. జిడ్డుగా, దుర్వాసనతో విరేచనాలు అవుతూ పరీక్షలో జియార్డియా (ఇది పురుగు కాదు, పేగులో చేరే సూక్ష్మజీవి) కనబడితే డాక్టర్లు సాధారణంగా రాసేది మెట్రోనిడజోల్ 5–7 రోజులు, లేదా మూడేళ్లు దాటిన వారికి టినిడజోల్ ఒక్క డోసు. మెట్రోనిడజోల్ చేదుకు పిల్లలు ఉమ్మేసి కోర్సు మధ్యలో ఆగిపోతుంటుంది, కాబట్టి టినిడజోల్ గురించి అడిగి చూడండి.

ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన పిల్లలకు మాత్రం డాక్టరుకు చెప్పకుండా అల్బెండజోల్ వేయకండి. మెదడులో బద్దెపురుగు తిత్తి ఉంటే, మందుకు దాని చుట్టూ వాపొచ్చి మళ్లీ ఫిట్స్ రావచ్చు.