సీఆర్పీ పెరిగింది, ఊపిరి తగ్గింది: ఏది ముందు చూడాలి?

ప్రశ్న: నా వయసు 47. చిత్తూరు దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. పొగ అలవాటు లేదు. నడుము 104 సెంటీమీటర్లు. హెల్త్ చెకప్‌లో హెచ్ఎస్ సీఆర్పీ 4.6 వచ్చింది. ఊదే పరీక్షలో ఎఫ్‌వీసీ (ఛాతీ నిండా పీల్చి ఊదిన మొత్తం గాలి) ఉండాల్సినదాంట్లో 71 శాతం, ఎఫ్ఈవీ1 (అందులో మొదటి సెకనులో వచ్చిన గాలి) 72 శాతం, ఈ రెండో గాలికీ మొత్తం గాలికీ నిష్పత్తి 0.81. అలిపిరి మెట్లెక్కితే గాలిగోపురం చేరేలోపే నాలుగైదు చోట్ల కూలబడుతున్నాను. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ వేసుకోమన్నారు. వాడమంటారా?

జవాబు: వద్దండీ. జ్వరం, కఫం లేకుండా ఈ ఒక్క అంకె చూసి యాంటీబయాటిక్ మింగకూడదు. సీఆర్పీ కాలేయంలో తయారయ్యే ప్రొటీన్. ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా పెరుగుతుంది, ఎక్కడుందో మాత్రం చెప్పదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే తక్కువ, 3 దాటితే ఎక్కువ. పొట్టలో పేరుకున్న కొవ్వు ఐఎల్-6 అనే పదార్థాన్ని వదులుతుంది, అది కాలేయం చేత సీఆర్పీ చేయిస్తుంది. అదే పొట్ట, ఊపిరి పీల్చేటప్పుడు దిగాల్సిన డయాఫ్రమ్ అనే కండరాన్ని కిందికి దిగనివ్వదు. నడివయసు ఉద్యోగుల్లో సీఆర్పీ పెరగడం, ఊపిరి తగ్గడం తరచు జంటగా కనబడడానికి ఇదొక కారణం.

మీ నిష్పత్తి 0.7కి పైనే ఉంది కాబట్టి గాలిగొట్టాలు ఇరుకైనట్టు లేదు, ఊపిరితిత్తుల్లో పట్టే గాలే తగ్గినట్టుంది. అయితే పరీక్ష సరిగ్గా జరిగిందా అన్నది ముందు తేలాలి. గ్రాఫ్ అడిగి తీసుకోండి. ముక్కుకు క్లిప్ పెట్టి, ఛాతీ నిండా పీల్చి, ఒక్క ఉదుటున ఊది, 6 సెకన్లయినా ఆపకుండా ఊదాలి. ఇలా మూడుసార్లు సరిగ్గా రావాలి. వాటిలో పెద్దవి రెండింటికీ తేడా 150 మిల్లీలీటర్లు మించకూడదు. హడావిడిగా చేసే చోట మూడు సెకన్లకే ఆపేస్తారు. అప్పుడు ఎఫ్‌వీసీ తగ్గి, నిష్పత్తి బాగున్నట్టు కనబడి, గొట్టాల జబ్బు దాగిపోతుంది. భోంచేసి రెండు గంటలయ్యాక, బెల్టు వదులు చేసుకుని మళ్లీ ఊదండి.

మళ్లీ అవే అంకెలు వస్తే నెపం పొట్ట మీదికి నెట్టి ఊరుకోకండి. మీరు రాతి దుమ్ములో ఉన్నారు. ఛాతీ ఎక్స్‌రే తీయించి, ఎన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నారో చెబుతూ ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించండి. రాతి దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్ అనే జబ్బు ఒకసారి వస్తే వెనక్కి మళ్లదు, టీబీ ముప్పు కూడా పెంచుతుంది. చట్టం ప్రకారం అధికారులకు తప్పక తెలపాల్సిన జబ్బు అది. రాయి కోసే బ్లేడు మీద నీళ్లు పడుతున్నాయి కదా అని ధీమా పడతారు గానీ, కింద పడిన బురద ఎండాక చీపురుతో ఊడిస్తే అదే దుమ్మై లేస్తుంది. తడిపాకే ఊడిపించండి. ఎయిర్ పైపుతో బట్టలు దులుపుకోవద్దు. మూతికి కట్టిన తువ్వాలు సన్నటి పొడిని ఆపదు. ఎన్95 మాస్కు కావాలి. గడ్డం ఉంటే అదీ అంచుల్లో అతకదు.

పొట్ట సంగతీ చూడాలి. మగవారికి నడుము 90 సెంటీమీటర్ల లోపుండాలి. బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా సీఆర్పీ దిగుతుంది, ఊపిరి కొంత తెరిపినిస్తుంది. రాగిసంగటి మానక్కర్లేదు, రెండు ముద్దలు తినేచోట ఒకటి చాలించి, ఆకుకూర పప్పు పెంచండి. మెట్లెక్కేటప్పుడు ఛాతీలో నొప్పి, బిగుతు ఉంటే మాత్రం వీటన్నిటికంటే ముందు గుండె పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: వయసు 42, తిరుపతిలో బ్యాంకు ఉద్యోగిని. సీఆర్పీ 18 వచ్చింది. పది రోజుల క్రితం జ్వరం, దగ్గు. భయపడాలా?

జవాబు: 10 దాటితే చాలాసార్లు ఈమధ్య వచ్చిన ఇన్ఫెక్షనే కారణం. దగ్గు పూర్తిగా తగ్గాక రెండు, మూడు వారాలు ఆగి మళ్లీ చేయించండి. అప్పటికీ దిగకపోయినా, ఈలోగా జ్వరం తిరగబెట్టినా, దగ్గు రెండు వారాలు దాటినా డాక్టరును కలవండి. దగ్గు ఆగకుంటే కఫం పరీక్ష కూడా చేయించండి.