వరంగల్ పరిసరాల్లో కళను ఎక్కడ చూడాలి?

రెండు రోజుల్లో వరంగల్ చుట్టుపక్కల కళా గ్యాలరీలు చూడాలనుకుంటే ఒక్కటీ దొరకడం లేదని మీరు రాశారు. ఇక్కడి కళ గ్యాలరీల్లో కన్నా కళాకారుల ఇళ్లలోనే ఎక్కువగా ఉంటుంది కనుక, హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడే జనగామ దగ్గరి పెంబర్తిలో దిగండి. లక్క మీద బిగించిన ఇత్తడి రేకును ఉలితో, సుత్తితో కొడుతూ బొమ్మలు తేల్చే పనితనాన్ని అక్కడ చూడవచ్చు. ఆ తర్వాత చేర్యాల వెళ్లి, చింతగింజల జిగురు, సుద్దమట్టి కలిపి పూసిన ఖాదీ గుడ్డపై, ఎర్రటి నేపథ్యంలో, నకాషీలనే సంప్రదాయ చిత్రకారులు కులపురాణాలను (ఒక్కో కులం పుట్టుక కథలను) ఎలా చిత్రిస్తారో తీరిగ్గా గమనించండి. నా దృష్టిలో ఒక పూటంతా దీనికే కేటాయించాలి. రెండో రోజు వరంగల్ కొత్తవాడకు వెళ్తే, 2018లో ఈ ప్రాంతపు ప్రత్యేక వస్తువుగా భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన దర్రీలను, అంటే నేల మీద పరిచే తివాచీలను, నేసే మగ్గాలు కనిపిస్తాయి. ఏమీ కొనకపోయినా పరవాలేదు గానీ, ఫొటో తీసే ముందు మాత్రం అడగండి.