పాఠకుల ప్రశ్నలు: ‘నేనింతే’ అనే మాటతో వచ్చే చిక్కు

ప్రశ్న: రెండు నెలలుగా రోజూ పడుకునే ముందు, ఆ రోజు చేసిన తప్పులు డైరీలో రాసుకుంటున్నాను. ‘ఈరోజూ అరిచాను, నేనింతే’ లాంటి వాక్యాలే ప్రతి పేజీలోనూ. మార్పు రాలేదు సరికదా, నిద్ర కూడా పోయింది. ఆత్మపరిశీలన అందరికీ పడదా?

జవాబు: పడుతుంది. చిక్కంతా ఆ ‘నేనింతే’ దగ్గరే ఉంది. దాదాపు 2000 ఏళ్ల కిందట రోమన్ తత్త్వవేత్త సెనెకా కూడా రోజూ రాత్రి మీలాగే లెక్క చూసుకునేవాడు. కోపం మీద రాసిన గ్రంథం మూడో భాగంలో ఆ పద్ధతి చెప్పాడు. దీపం తీసేసి, ఆ అలవాటు తెలిసిన భార్య మాట్లాడకుండా ఊరుకున్నాక, పగలంతా అన్నవీ చేసినవీ తిరగేసేవాడు. సెక్స్టియస్ అనే పాతతరం తత్త్వవేత్త వేసుకున్న మూడు ప్రశ్నలను ఆదర్శంగా చూపాడు: ఈరోజు నీలో ఏ చెడును నయం చేసుకున్నావు? ఏ దోషాన్ని అడ్డుకున్నావు? ఏ విషయంలో మెరుగయ్యావు?

‘నువ్వెలాంటివాడివి’ అని వీటిలో ఒక్కటీ అడగదు. సెనెకా తన తప్పును రాసిన తీరూ చూడండి: ఒకరిని సరిదిద్దబోయి హద్దు దాటి మాట్లాడాను, అతను బాగుపడలేదు, నొచ్చుకున్నాడు. ఇకమీదట చెప్పేది నిజమా అనే కాదు, వినేవాడు తట్టుకోగలడా అనీ చూసుకోవాలి. ఆపైన తనకు తానే, మళ్లీ చేయకు, ఈసారికి క్షమిస్తున్నాను అని చెప్పుకుంటాడు. మీ డైరీలో లేనిది ఈ చివరి ముక్కే.

మంచం మీద రాయకండి. పడుకోవడానికి గంట ముందు, కూర్చుని, 10 నిమిషాలు చాలు. ఒక్క సంఘటననే తీసుకోండి: ఏం జరిగింది, నేనేమన్నాను, దాంతో ఏమైంది, ఈసారి ఏమంటాను. నాలుగే వాక్యాలు. ‘కోపిష్టిని’, ‘బద్ధకస్తురాలిని’ లాంటి ముద్రలు తీసేయండి. ‘ఎందుకిలా ఉన్నాను’ అనే ప్రశ్నకు అంతుండదు, రాత్రంతా నమిలిస్తుంది. ‘అరవడానికి నిమిషం ముందు ఏం జరిగింది’ అంటే జవాబు దొరుకుతుంది. వారానికోసారి ఏడు పేజీలూ కలిపి చదివితే ఏది పదే పదే వస్తోందో కనిపిస్తుంది, ముందు దాని పని పట్టండి. అయితే నిద్రలేమి ఇలాగే కొనసాగుతుంటే డైరీ పక్కనపెట్టి డాక్టరును కలవండి.

ప్రశ్న: నిజాయితీగా బతకడమంటే మనసులో ఉన్నది ముఖం మీద అనేయడమేనా?

జవాబు: కాదు. ఫ్రెంచ్ తత్త్వవేత్త సార్త్ర్ 1943లో వెలువరించిన ప్రధాన గ్రంథంలో ఒక కెఫే వెయిటర్ ఉదాహరణ ఇస్తాడు. అతని అడుగులో వేగం కాస్త ఎక్కువ, వంగడంలో ఆత్రం కాస్త ఎక్కువ, వెయిటర్ వేషం కట్టినట్టు ఉంటాడు. తాను వెయిటర్ తప్ప ఇంకేమీ కాదన్నట్టు నటించడం ఆత్మవంచన అంటాడు సార్త్ర్. ఇది చాలామంది చెప్పేదే. నాకు ఇంకా విలువైనదిగా అనిపించేది ఆ తర్వాతి వాదన. ‘నేను ముక్కుసూటి మనిషిని, నా స్వభావమే అంత’ అనేవారూ, బల్ల బల్లగా ఉన్నట్టు తామూ ఒక వస్తువైపోవాలని చూస్తున్నారు. అదీ ఆత్మవంచనే.

‘ఈ ఉద్యోగం వదల్లేను’ అన్న వాక్యాన్ని ‘జీతం కోసం ఇందులోనే ఉండాలని నిర్ణయించుకున్నాను’ అని మార్చి పైకి చదవండి. నిజమనిపిస్తే ఆ నిర్ణయం మీదే, అందులో నటనేమీ లేదు. నోరు రాకపోతే ఆలోచించాల్సింది అక్కడే. పుట్టుక, జబ్బు, గడిచిపోయిన కాలం మాత్రం మనం ఎంచుకున్నవి కావు. వాటిని లేవనుకోవడం కూడా సార్త్ర్ లెక్కలో ఆత్మవంచనే. అలాంటి చోట ‘ఎంచుకున్నాను’ అని బలవంతాన రాయకండి, వాటి విషయంలో ఇప్పుడేం చేస్తున్నారో రాయండి.