గుణింతం లేని మాట

ప్రశ్న: మృత సముద్రం దగ్గర దొరికిన ప్రాచీన యూదు రాతప్రతుల్లో ‘మెస్సీయను చంపారు’ అని ఉందని ఒక వీడియోలో చెప్పారు. అది క్రైస్తవ పండితుల కల్పన అని ఇంకో వీడియో. ఎవరిని నమ్మాలి సార్?
– ఒక పాఠకుడు

జవాబు: ఇద్దర్నీ నమ్మకండి. గొడవంతా ఒక్క మాట మీద.

మృత సముద్రం ఒడ్డున ఆ రాతప్రతులు దొరికిన కుమ్రాన్‌లో, నాలుగో గుహలో దొరికిన ఒక తోలు ముక్క ఉంది, దాని నంబరు 4క్యూ285. అరచేతిలో పట్టేంత రాతలో ఆరక్షరాల హీబ్రూ మాట ఒకటి. ఆ రోజుల్లో హీబ్రూకి మనలా గుణింతాలు లేవు. చివరి ‘ఊ’కీ ‘ఓ’కీ ఒకటే అక్షరం, వావ్. ‘హెమీతూ’ అని చదివితే ‘సమాజపు అధిపతిని (అంటే మెస్సీయను) చంపారు’. ‘హెమీతో’ అంటే ‘అధిపతే అతన్ని చంపాడు’. హీబ్రూ నేర్చుకునే రోజుల్లో నేనూ మొదట ‘తూ’ అనే చదివాను. సండేస్కూల్లో పెరిగిన నోరు కదా!

1991 చివర్లో రాబర్ట్ ఐసెన్‌మన్, మైకేల్ వైజ్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు ఆ మొదటి అర్థమే చెప్పారు, పేపర్లకు పండగైంది. డిసెంబరులో ఈ రాతప్రతుల పండితుడు గేజా వెర్మెష్ ఆక్స్‌ఫర్డ్‌లో పండితులను పిలిచి ముక్కను మళ్ళీ చదివించాడు. ఆ మాటకు పైవరుసల్లోనే యెషయా గ్రంథంలోని ‘యెష్షయి మొద్దు నుంచి చిగురు’ అన్న మాట ఉంది. యెష్షయి దావీదు రాజు తండ్రి, ఆ వంశంలో పుట్టబోయే మెస్సీయే ఆ చిగురు. యెషయాలో ఆ చిగురు దుష్టుల్ని చంపుతుందే గాని చావదు. అందుకే ఇవాళ ఎక్కువమంది ‘తో’ అనే చదువుతారు.

మరి క్రైస్తవ కల్పనా? ఐసెన్‌మన్ పుట్టింది యూదు కుటుంబంలో. వెర్మెష్ అయితే యూదు ఇంట పుట్టి, కేథలిక్ ఫాదరై, మళ్ళీ యూదు మతానికే వచ్చాడు. ఆయన్ని ఏ గాటన కడతారు?

పక్షపాతమే లేదని కాదు. 1950ల్లో నాలుగో గుహ ముక్కలు చూసిన బృందంలో ఒక్క యూదుడూ లేడు. జెరూసలేం తూర్పు భాగం అప్పుడు జోర్డాన్ చేతిలో ఉంది, అదీ ఒక కారణం. తవ్వకాలు చేయించిన రోలాన్ ద వో డొమినికన్ అనే కేథలిక్ శాఖ సన్యాసి. సిరాబుడ్లు దొరికిన చోటికి ‘లేఖనశాల’ అని, పొడుగాటి గదికి ‘భోజనశాల’ అని మఠం పేర్లే పెట్టాడు. యూదుల శుద్ధి నియమాల మీద రాసిన ఒక ముఖ్యమైన పత్రం మాత్రం 1994 దాకా అధికారికంగా అచ్చు కాలేదు. శుద్ధమైన గిన్నెలోంచి మైలగిన్నెలోకి నీళ్ళు పోస్తే, ఆ ధార వెంబడి మైల పైకి పాకుతుందా అన్నది అందులో ఒక చర్చ. మడి కట్టుకున్న ఏ మామ్మకైనా ఈ టెన్షన్ వెంటనే అర్థమవుతుంది!

యూదుల వైపూ ఇదే తంతు. రోమన్లను ఎదిరించిన యూదులు చివరిదాకా నిలిచిన మసాదా కోటలో దొరికిన ఎముకల్ని 1969లో యూదు వీరులవని ఇజ్రాయెల్ ప్రభుత్వ లాంఛనాలతో పూడ్చింది. వాటితోపాటు యూదులు ముట్టని పంది ఎముకలూ దొరికాయని తర్వాత బయటపడింది.

ఆ తోలు ముక్కల ఫోటోలు లియోన్ లెవీ డిజిటల్ లైబ్రరీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఈసారి వీడియో చూసేటప్పుడు ఆ ‘ఊ’ ఎక్కణ్ణించి తెచ్చారో ఒక్కసారి అడగండి.